కాలిఫోర్నియాలో వివక్షకు ఒక గడువు, పరువుకు ఇంకో గడువు: ఏ ఫిర్యాదు ఎక్కడ, ఎలా

శుక్రవారం రాత్రి ఫోన్ మోగుతుంది. అవతలి గొంతు ఫ్రీమాంట్ నుంచో, శాన్ రామోన్ నుంచో. "మీటింగులో మేనేజర్ నా యాక్సెంట్‌ని వెక్కిరిస్తున్నాడన్నా. ఈసారి ప్రమోషన్ కూడా రాకుండా చేశాడు. అది చాలదన్నట్టు, నేను ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి చేరానని మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవడో రాశాడు. వాడి మీద పరువు నష్టం దావా వేయాలి. తెలిసిన లాయరెవరైనా ఉన్నారా?"

ఒక్క ఫోన్లో మూడు గొడవలున్నాయి. మనిషి మాత్రం మూడోదాన్నే పట్టుకున్నాడు. మనవాళ్లలో ఇది మామూలే. ప్రమోషన్ పోతే రెండు రోజులు బాధపడతాం, పరువు పోతే నిద్రపట్టదు. కాలిఫోర్నియా చట్టం లెక్క దీనికి సరిగ్గా ఎదురు. ఉద్యోగంలో వివక్ష జరిగితే ఫిర్యాదుకు 3 ఏళ్లు గడువిచ్చింది, ఆ ఫిర్యాదు తీసుకోవడానికి ఒక ప్రభుత్వ శాఖను పెట్టింది, కేసు గెలిస్తే మీ లాయర్ ఫీజు అవతలివాళ్ల చేత కట్టించే వీలు పెట్టింది. పరువు నష్టానికి ఒక్క ఏడాదే. వెళ్లి చెప్పుకోవడానికి శాఖంటూ లేదు. తొందరపడి దావా వేస్తే అవతలివాడి లాయర్ ఫీజు మీ నెత్తిన పడొచ్చు.

నేను లాయర్ని కాను. స్నేహితుల కాగితాలు సర్దిపెడుతూ, వాళ్లతో పాటు లాయర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది రాస్తున్నాను. మీ కేసు మీద చివరి మాట లాయర్‌దే. ఆ లాయర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు చేసుకోవాల్సిన పని మాత్రం చాలా ఉంది.

మొదట తేల్చుకోండి: అది అన్యాయమా, వివక్షా?

కాలిఫోర్నియాలో ఉద్యోగాలు ఎక్కువగా "ఎట్ విల్". అంటే ఏ కారణమూ చెప్పకుండా తీసేయొచ్చు. మేనేజర్‌కి మీరంటే గిట్టదు, తన పాత కంపెనీ స్నేహితుణ్ని తెచ్చుకున్నాడు, మీ పని తనదని చెప్పుకున్నాడు. ఇవన్నీ అన్యాయాలే, కానీ చట్టం దృష్టిలో నేరాలు కావు. చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: ఎందుకలా చేశాడు? ఆ జవాబు జాతి, రంగు, పుట్టిన దేశం, వంశమూలం, మతం, లింగం, గర్భం, వైకల్యం, జబ్బు, 40 దాటిన వయసు, పెళ్లి అయిందా లేదా, లైంగికత వంటి వాటిలో పడితేనే అది వివక్ష. ఈ జాబితా ఉన్న చట్టం పేరు ఫెయిర్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ హౌసింగ్ యాక్ట్. లాయర్లంతా "ఫీహా" అంటారు, మనమూ అలాగే అందాం. రెండు మూడు కలిసినా లెక్కే: ఆడవాళ్లతో బాగుంటాడు, ఇండియన్లతో బాగుంటాడు, ఇండియన్ ఆడవాళ్లతోనే తేడాగా ఉంటాడు అనుకోండి, అదీ వివక్షేనని 2025 జనవరి నుంచి చట్టంలోనే రాశారు.

కంపెనీ సైజు కూడా చూడాలి. ఫెడరల్ చట్టమైన టైటిల్ సెవెన్‌కి 15 మంది ఉద్యోగులుండాలి. ఫీహాకి 5 మంది చాలు. వేధింపుల విషయంలో ఒక్క ఉద్యోగి ఉన్నా చాలు. నలుగురైదుగురితో నడిచే మన కన్సల్టెన్సీల్లో పనిచేసేవాళ్లకు ఈ తేడా బాగా పనికొస్తుంది.

యాక్సెంట్ సంగతి. మీరు మాట్లాడేది అర్థంకాక పని నిజంగా దెబ్బతింటోందని కంపెనీ చూపించగలిగితే తప్ప, యాక్సెంట్‌ని కారణంగా చూపి ప్రమోషన్ ఆపడం పుట్టిన దేశం ఆధారంగా చేసిన వివక్ష కిందికే వస్తుంది. నాలుగేళ్లుగా క్లయింట్ కాల్స్ నడుపుతున్న మనిషిని పట్టుకుని "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రివ్యూలో రాస్తే, ఆ నాలుగేళ్ల కాల్సే మీ సాక్ష్యం. ఇంకొకటి చాలామందికి తెలియదు: బ్రేక్ రూమ్‌లో, లంచ్ టైమ్‌లో తెలుగులో మాట్లాడొద్దని రూలు పెట్టే హక్కు కంపెనీకి లేదు. పని చేసే వేళలో "ఇంగ్లిష్ మాత్రమే" అనాలన్నా గట్టి వ్యాపార అవసరం చూపించాలి, ముందుగా చెప్పాలి. విరామ సమయంలో మాత్రం ఏ సాకూ చెల్లదు.

కులం మాట కూడా ఎత్తాలి, దాచుకుంటే లాభం లేదు. టీమ్‌లో తెలుగువాళ్లే ఉన్నచోట వివక్ష చేసేది అమెరికన్ మేనేజరే కానక్కర్లేదు. ఒక దళిత ఇంజనీరు పట్ల కుల వివక్ష చూపారని ఆరోపిస్తూ, వివక్ష ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర శాఖ 2020 జూన్‌లో సిస్కో మీద కేసు వేసింది. అందులో ఇద్దరు సూపర్‌వైజర్ల మీద పెట్టిన ఆరోపణలను 2023లో తనే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది కులం అన్న మాటను చట్టంలో చేర్చే ఎస్‌బీ 403 బిల్లు రెండు సభలూ దాటి వెళ్తే, గవర్నర్ న్యూసమ్ అక్టోబర్ 7న వీటో చేశారు. దాంతో "కుల వివక్ష ఇక్కడ చెల్లుతుంది" అని కొందరు ప్రచారం చేశారు. అది తప్పు. వంశమూలం, జాతి వంటి ఇప్పటికే ఉన్న మాటల కిందే కులం వస్తుంది కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదన్నది ఆ వీటోలో చెప్పిన కారణం. కాబట్టి మీరు ఫిర్యాదు రాసేటప్పుడు "కులం" అని ఒక్కమాట రాసి వదిలేయకండి. "యాన్‌సెస్ట్రీ" (వంశమూలం) అన్న గడిలో కూడా టిక్కు పెట్టండి.

ఇవాళ రాత్రే మొదలుపెట్టాల్సింది: రాసిపెట్టుకోవడం

నెల తర్వాత ఎవరికీ మాటలు గుర్తుండవు. అన్నవాడికి అసలే గుర్తుండవు. ఒక నోటుపుస్తకం తీసుకోండి, లేదా మీ సొంత ఫోన్లో ఒక ఫైల్ తెరవండి. కంపెనీ లాప్‌టాప్‌లో మాత్రం వద్దు, తీసేసిన రోజు లాగిన్ పోతుంది, రాసుకున్నదీ పోతుంది. ఎలా రాయాలంటే ఇలా:

"మార్చి 4, మంగళవారం, ఉదయం 10:40. స్ప్రింట్ ప్లానింగ్, జూమ్. నేను డెమో చూపిస్తున్నాను. మేనేజర్: 'ఎవరైనా దీన్ని ఇంగ్లిష్‌లోకి ట్రాన్స్‌లేట్ చేస్తారా?' ఇద్దరు నవ్వారు. లైన్లో మొత్తం ఆరుగురు (పేర్లు). నేను ఏమీ అనలేదు. 11:30కి ఒకతను విడిగా మెసేజ్ పెట్టాడు, 'అలా అనకుండా ఉండాల్సింది' అని."

అంతే. "మేనేజర్ జాత్యహంకారి" అని రాయక్కర్లేదు. అన్న మాటను అన్నట్టే, అన్న భాషలోనే పెట్టండి. నవ్వినవాళ్ల కన్నా, విడిగా మెసేజ్ పెట్టినతను మీకు ముఖ్యం. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు తేదీ, టైమ్ కనబడేలా తీయండి. అలాగని కంపెనీ రహస్య ఫైళ్లు, కోడ్, కస్టమర్ల డేటా మీ సొంత మెయిల్‌కి పంపుకోకండి. మిమ్మల్ని తీసేయడానికి వాళ్లకి అంతకన్నా చక్కటి సాకు దొరకదు.

ఇక్కడే మనవాళ్లు పడే పెద్ద గుంట ఒకటుంది: కాల్ రికార్డింగ్. మన దగ్గర ఫోన్ రికార్డ్ చేయడం అలవాటే. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణను అందరి అనుమతి లేకుండా రికార్డ్ చేస్తే పీనల్ కోడ్ సెక్షన్ 632 కింద నేరం. ఒక్కో ఉల్లంఘనకు తక్కువలో తక్కువ 5,000 డాలర్లకు సివిల్ దావా కూడా వేయొచ్చు. పైగా ఆ రికార్డింగు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. వేధించినవాడు ఫిర్యాదుదారు అయిపోయి, మీరు ముద్దాయి అవుతారు. బదులుగా, మీటింగ్ అయిన అరగంటలో ఒక మెయిల్ పంపండి: "ఇందాక మీరు ఫలానా ఫలానా అన్నారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" జవాబిచ్చినా సాక్ష్యమే, ఇవ్వకపోయినా ఎంతోకొంత సాక్ష్యమే.

రెండు కాగితాలు అడిగి తీసుకోండి. ఉద్యోగిగా మీ మీద కంపెనీ పెట్టుకున్న పర్సనెల్ ఫైల్ చూపించమని, కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడిగితే కంపెనీ 30 రోజుల్లో ఇవ్వాలి. జీతం రికార్డులైతే 21 రోజుల్లో. ఇవ్వకపోతే ఒక్కోదానికి 750 డాలర్లు జరిమానా. ఉద్యోగం మానేసినవాళ్లకూ ఈ హక్కు ఉంది. పాత రివ్యూల్లో "ఎక్సీడ్స్ ఎక్స్‌పెక్టేషన్స్" అని ఉండి, మీరు గర్భవతినని చెప్పిన నెల నుంచి గ్రేడు పడిపోయిందనుకోండి, సగం కేసు ఆ ఫైల్లోనే ఉంటుంది.

హెచ్‌ఆర్‌కి రాసే మెయిల్

నోటిమాటగా చెప్పొద్దు, మెయిల్ పెట్టండి. "ఎన్విరాన్‌మెంట్ చాలా టాక్సిక్‌గా ఉంది, ఇది అన్‌ఫెయిర్" అని రాస్తే హెచ్‌ఆర్ ఊపిరి పీల్చుకుంటుంది, ఎందుకంటే టాక్సిక్‌గా ఉండటం నేరం కాదు. "నా నేషనల్ ఆరిజిన్ కారణంగా నాపై డిస్క్రిమినేషన్, హెరాస్‌మెంట్ జరుగుతున్నాయి" అన్న మాటలు ఆ మెయిల్లో ఉండి తీరాలి. మూడు ఘటనలు, తేదీలు, ఎవరు చూశారు, మీరు కోరేది ఏమిటి. ఒక పేజీ చాలు. చిన్నప్పటి నుంచి మొదలుపెట్టి పది పేజీలు రాస్తే చదివేవాళ్లుండరు.

ఆ మెయిల్ పంపిన క్షణం నుంచి మీకు ఇంకో రక్షణ మొదలవుతుంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం ఫీహా కింద విడిగా ఒక ఉల్లంఘన. అసలు వివక్ష రుజువు కాకపోయినా, కక్షసాధింపు రుజువై గెలిచే కేసులుంటాయి. నిన్నటిదాకా బాగున్న ఉద్యోగి ఫిర్యాదు చేసిన మూడో వారానికల్లా పిప్‌లోకి (పనితీరు మెరుగుపరుచుకోమని పెట్టే పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్) వెళ్లాడంటే, ఆ తేదీలే మాట్లాడతాయి.

అసలు గుమ్మం: సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్

కోర్టుకెళ్లే ముందు ఈ రాష్ట్ర శాఖ దగ్గరికి వెళ్లడం తప్పనిసరి. పొట్టిపేరు సీఆర్‌డీ. 2022 మధ్య వరకు దీన్ని డీఎఫ్‌ఈహెచ్ అనేవారు, పాత కాగితాల్లో ఆ పేరుంటే కంగారుపడకండి. ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఖాతా తెరిచి వేయొచ్చు, 800-884-1684కి ఫోన్ చేసీ మొదలుపెట్టొచ్చు. ఇంగ్లిష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటి మాటగానే అడగండి. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే ఏదో షాపులో పనిచేస్తున్న అమ్మానాన్నలకు ఇది బాగా అక్కరకొస్తుంది.

పోర్టల్ తెరవగానే దారి రెండుగా చీలుతుంది. ఇక్కడ తొందరపడొద్దు.

మొదటి దారి, శాఖ చేత దర్యాప్తు చేయించుకోవడం. ఇన్‌టేక్ ఫామ్ నింపుతారు, శాఖవాళ్లు మాట్లాడి వివరాలు తీసుకుంటారు, కేసు తీసుకోదగ్గదనిపిస్తే ఫిర్యాదు తయారుచేసి మీ సంతకంతో కంపెనీకి పంపుతారు. జవాబు తెప్పిస్తారు, ఉచితంగా మధ్యవర్తిత్వం కూడా చేయిస్తారు. ఆ దర్యాప్తు అధికారి మీ లాయర్ కాదు, ఇద్దరికీ మధ్యలో ఉండే మనిషి. ఇది గుర్తుపెట్టుకుంటే "ఆవిడ నా మాట నమ్మడం లేదు" అన్న బాధ తగ్గుతుంది.

రెండో దారి, "ఇమ్మీడియేట్ రైట్ టు సూ". దర్యాప్తు వద్దు, కోర్టుకెళ్లే నోటీసు ఇచ్చేయండి అని అడగడం. ఇది పోర్టల్‌లో చకచకా వచ్చేస్తుంది, అందుకే జనం అటు జారిపోతారు. కానీ అది తీసుకున్నాక శాఖ దర్యాప్తు చేయదు, ఆ నోటీసు తేదీ నుంచి కోర్టులో కేసు వేయడానికి ఒక్క ఏడాదే ఉంటుంది. లాయర్ దొరికాకే ఈ బటన్ నొక్కండి. లాయర్ లేకుండా నొక్కితే, వెతుక్కునే టైమ్ అంతా ఆ ఏడాదిలోంచే పోతుంది. ఇంకో జాగ్రత్త: ఫిర్యాదులో మీరు రాయని సంగతి తర్వాత కోర్టులో ఎత్తుకోవడం కష్టం. వివక్ష, వేధింపు, కక్షసాధింపు మూడూ జరిగితే మూడూ రాయండి. మేనేజర్ స్వయంగా వేధించి ఉంటే కంపెనీ పేరుతో పాటు అతని పేరూ పెట్టండి. వేధింపు విషయంలో మనిషి సొంతంగా కూడా బాధ్యుడవుతాడు.

గడువు మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే. ఉద్యోగం విషయమైతే జరిగిన రోజు నుంచి 3 ఏళ్లలోపు సీఆర్‌డీకి. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి కూడా వెళ్లాలనుకుంటే కాలిఫోర్నియాలో 300 రోజులే. ఇల్లు, వ్యాపార సంస్థల విషయంలో సీఆర్‌డీకి సాధారణంగా ఏడాదే. మూడేళ్లని ధీమాగా కూర్చోవడం కన్నా 300 రోజుల్నే మీ గడువనుకుంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

లాయర్ ఫీజు గురించి. ఉద్యోగుల తరఫు లాయర్లు చాలామంది గెలిస్తేనే వాటా తీసుకునే పద్ధతిలో పనిచేస్తారు, మామూలుగా మూడో వంతు నుంచి 40 శాతం దాకా. ఫీహాలో ఉద్యోగి గెలిస్తే లాయర్ ఫీజు కంపెనీ కట్టాలని కోర్టు చెప్పొచ్చు. ఓడితే మాత్రం, కేసు పూర్తిగా పసలేనిదైతే తప్ప కంపెనీ ఫీజు మీరు కట్టనక్కర్లేదు. ఇంత అనుకూలంగా వంగిన చట్టాన్ని పక్కనపెట్టి మనిషి వాట్సాప్ మెసేజ్ వెంట పడతాడు!

వీసా మీద ఉన్నవాళ్లకు

"హెచ్-1బీ మీద ఉన్నాను, నాకు హక్కులుంటాయా?" ఉంటాయి. రాష్ట్ర కార్మిక, పౌరహక్కుల చట్టాల కింద రక్షణ పొందడానికి ఇమిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేదని సివిల్ కోడ్ సెక్షన్ 3339 సూటిగా చెబుతోంది. ఫిర్యాదు చేస్తే వీసా సంగతి ఇమిగ్రేషన్‌వాళ్లకి చెబుతానని బెదిరించడం అదే ఒక ఉల్లంఘన.

హక్కు ఉన్నా, ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని చూసుకోవడానికి ఉండే 60 రోజుల గడియారం మాత్రం ఆగదు. వివక్ష కేసు నడుస్తోందని వీసా కాలం పొడిగించరు. అందుకని రెండు పనులూ పక్కపక్కనే నడవాలి: ఒక చేత్తో కొత్త స్పాన్సర్ వెతుకులాట, ఇంకో చేత్తో ఫిర్యాదు. ఇమిగ్రేషన్ లాయర్, ఎంప్లాయ్‌మెంట్ లాయర్ వేర్వేరు మనుషులు. ఒకరి పని ఇంకొకరిని అడిగి మోసపోవద్దు.

తీసేసే రోజున ఒక కవరు చేతిలో పెడతారు: సెవరెన్స్ ఒప్పందం. రెండు నెలల జీతం అని పైన పెద్దగా ఉంటుంది, కింద ఎక్కడో "అన్ని క్లెయిములూ వదులుకుంటున్నాను" అని ఉంటుంది. సంతకం పెడితే వివక్ష కేసు దాదాపు అక్కడితో ముగిసినట్టే. లాయర్‌ని సంప్రదించే హక్కుందని అందులో చెప్పి, అందుకు కనీసం 5 పనిదినాలు ఇవ్వాలన్నది కాలిఫోర్నియా చట్టం. "ఈ సాయంత్రంలోగా పెట్టాలి" అంటే నవ్వి, చదువుకుని చెబుతాననండి. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవొస్తే కోర్టుకు కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలన్న షరతు) ఉందో లేదో కూడా ఆ ఐదు రోజుల్లోనే చూసుకోండి. మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితం కాపీ అడిగే హక్కు మీకుంది.

ఇల్లు, షాపు, వీధి

"ఇండియన్లు వండితే వాసన పోదు, మీకు ఇవ్వం" అన్న ఇంటి ఓనరు ఫీహా కిందే ఇరుక్కుంటాడు. హోటల్, సెలూన్, జిమ్, క్లినిక్ లాంటి చోట అడ్డుపడితే 1959 నాటి అన్‌రూ సివిల్ రైట్స్ యాక్ట్ ఉంది. రుజువైతే ఒక్కో ఉల్లంఘనకు తక్కువలో తక్కువ 4,000 డాలర్లు. ఇందులో ఇమిగ్రేషన్ స్టేటస్, మాట్లాడే భాష కూడా రక్షిత జాబితాలో ఉన్నాయి. వీధిలో ద్వేషంతో కొట్టినా, బెదిరించినా ముందు 911. ఆ తర్వాత సీఏ వర్సెస్ హేట్ అనే రాష్ట్ర లైనుంది, 833-866-4283. పోలీసులకి చెప్పడం ఇష్టంలేనివాళ్లు కూడా అక్కడ చెప్పుకోవచ్చు.

ఈ సందర్భంలో మన ఇంటి సంగతి కూడా ఒకటి. తెలుగు గ్రూపుల్లో రోజూ కనబడే ప్రకటన: "రూమ్ అవైలబుల్, వెజ్ ఓన్లీ, మన వాళ్లకు మాత్రమే." మీరుండే ఇంట్లోనే పక్క గదికి రూమ్మేట్‌ని ఎంచుకోవడంలో చట్టం మీకు చాలా వరకు స్వేచ్ఛనిచ్చింది. కానీ సొంతిల్లున్నవాళ్లు ఒక గది అద్దెకిస్తూ కులం, మతం, ప్రాంతం పేరుతో ప్రకటన రాస్తే ఆ ప్రకటనే ఉల్లంఘన కావచ్చు. శాకాహారం అన్న షరతు వేరు, "మన వాళ్లు" అన్న షరతు వేరు. మీరుండని ఇల్లు మొత్తంగా అద్దెకిచ్చేటప్పుడైతే ఏ మినహాయింపూ లేదు.

ఇక పరువు

మొదటి పరీక్ష: రాసింది నిజమా అబద్ధమా అని రుజువు చేయగలిగే సంగతేనా? "వాడొట్టి వేస్టు", "అహంకారి", "వాడితో పనిచేయడం నరకం" ఇవన్నీ అభిప్రాయాలు. ఎంత మండినా దావా నిలవదు. "ఫలానా కంపెనీలో మూడేళ్లు చేశానని ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టాడు" అన్నది సంగతి, తేల్చదగ్గది, వృత్తినే దెబ్బకొట్టేది. అది అబద్ధమైతే మీకు దావా ఉంది. నిజమైతే లేదు. నిజం చెప్పడం ఇక్కడ సంపూర్ణ రక్షణ. మీ రెజ్యూమెలో అలాంటిదేదైనా నిజంగానే ఉంటే ఈ పేజీ ఇక్కడ మూసేయండి. కోర్టులో అవతలి లాయర్ మొదట అడిగేది ఆ ఎక్స్‌పీరియెన్స్ కాగితాలే.

రెండో పరీక్ష: మీరు కాకుండా మూడో మనిషి చదివాడా, అర్థం చేసుకున్నాడా? మీకొక్కరికే తిట్టు మెసేజ్ పంపితే పరువు నష్టం కాదు. గ్రూపులో ఒక్కరు చదివినా చాలు. తెలుగులో రాసింది కాబట్టి తెలుగు చదవగలిగినవాడు ఆ ఒక్కడై ఉండాలి. ఈ భాష గొడవ చిన్నదేం కాదు. ఎవడో మిమ్మల్ని "వాడు పక్కా 420" అన్నాడనుకోండి. మన గ్రూపులో ప్రతివాడికీ మోసగాడని అర్థమవుతుంది, పాత ఐపీసీ సెక్షన్ అది. శాన్ హోసేలో జ్యూరీకి చూపిస్తే? కాలిఫోర్నియాలో 420 అంటే గంజాయి. కోర్టుకిచ్చే ప్రతి తెలుగు మెసేజ్‌కీ అర్హత ఉన్న అనువాదకుడు ప్రమాణం చేసి ఇచ్చిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. మాట పైకి మామూలుగా కనబడి, లోపలి అర్థం విడిగా వివరించాల్సి వస్తే, మీకు డబ్బు రూపంలో జరిగిన నష్టాన్ని కూడా చూపించాల్సి రావచ్చు. కాబట్టి "ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఆ మెసేజ్ చూసి వెనక్కి తగ్గింది" అన్న మెయిల్ ఉంటే దాన్ని ప్రాణంలా దాచుకోండి.

గడువు, మొదట పోస్ట్ చేసిన రోజు నుంచి 1 ఏడాది. పోస్ట్ ఇంకా ఇంటర్నెట్లో కనబడుతూనే ఉంది కదా అని గడువు పెరగదు. చేయాల్సిన క్రమం ఇది: గ్రూపులోంచి కోపంగా బయటికి రాకముందే స్క్రీన్‌షాట్లు తీయండి, గ్రూపు పేరు, సభ్యుల సంఖ్య, పంపిన నంబరు, తేదీ అన్నీ కనబడాలి. ఆ తర్వాత రాసినవాడికి ఒక మర్యాదైన ఉత్తరం: ఏ మాట అబద్ధమో, ఎందుకు అబద్ధమో, రుజువేంటో, ఏ తేదీలోగా తీసేసి అదే గ్రూపులో సవరణ పెట్టాలో. బూతులొద్దు, "చూస్తా నీ అంతు" లాంటివి వద్దు. ఆ ఉత్తరం రేపు జడ్జి చదువుతారనుకుని రాయండి. చాలా గొడవలు ఈ ఉత్తరంతోనే సద్దుమణుగుతాయి. రాసింది దినపత్రికో వారపత్రికో అయితే మాత్రం, తెలిసిన 20 రోజుల్లో సవరణ కోరుతూ రాతపూర్వకంగా అడగకపోతే రాబట్టగలిగే పరిహారం బాగా తగ్గిపోతుంది.

ఫేస్‌బుక్, గూగుల్ రివ్యూల మీద దావా వేద్దామనుకోకండి. ఇతరులు రాసినదానికి వేదికలు బాధ్యులు కారని 1996 నాటి ఫెడరల్ సెక్షన్ 230 అంటుంది. రాసినవాడి మీద తీర్పు తెచ్చుకున్నా సరే, ఆ తీర్పుతో యెల్ప్ చేత రివ్యూ తీయించలేరని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

దావా వేసేముందు ఒక పేరు నేర్చుకోండి: యాంటీ-స్లాప్. ప్రజలకు సంబంధించిన విషయం మీద మాట్లాడినవాళ్లను దావాలతో నోరు నొక్కకుండా 1992లో తెచ్చిన చట్టం. దావా కాగితాలు అందిన 60 రోజుల్లో ప్రతివాది ఈ చట్టం కింద కేసు కొట్టేయమని మోషన్ వేస్తే కేసులో సాక్ష్యాల సేకరణ అక్కడికక్కడ ఆగిపోతుంది. మీ దగ్గరున్న రుజువు అప్పుడే, ఆ మొదట్లోనే, చూపించాలి. చూపలేక ఓడితే అతని లాయర్ ఫీజు మీరు కట్టాలి. తెలుగు సంఘం ఎన్నికల గొడవలో ఎవరో ఏదో అన్నారని దావాకి పరుగెత్తేవాళ్లు ఇక్కడ ఒకసారి ఆగాలి. ఇద్దరి మధ్య అప్పు తగాదాలో పుట్టిన అబద్ధం వేరు, సంఘం నిధుల మీద అడిగిన ప్రశ్న వేరు.

నష్టం చిన్నదైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, ఫీజు 30 నుంచి 75 డాలర్లు, లాయర్లు వాదించడానికి వీల్లేదు, పరువు నష్టం కూడా వేయొచ్చు. ఈ కోర్టును మనవాళ్లు అసలు వాడుకోరు. మీరు, అతను, జడ్జి, స్క్రీన్‌షాట్లు.

"ఇక్కడెందుకు, హైదరాబాద్‌లో క్రిమినల్ కేసు పెట్టిస్తా" అనేవాళ్లుంటారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో పరువు నష్టం నేరమే, కాలిఫోర్నియాలో అది సివిల్ తగాదా మాత్రమే. రాసినవాడు అక్కడే ఉంటే ఆ దారి గురించి అక్కడి లాయర్‌ని అడగండి. ఇక్కడ ఉన్నవాడి మీద అక్కడ పరిహారం తీర్పు తెచ్చుకుని ఇక్కడ వసూలు చేద్దామంటే, 2010లో వచ్చిన స్పీచ్ యాక్ట్ అడ్డుపడుతుంది. అమెరికా వాక్‌స్వేచ్ఛ ప్రమాణాలకు నిలవని విదేశీ పరువు నష్టం తీర్పుల్ని ఇక్కడి కోర్టులు అమలు చేయవు.

ఫిర్యాదు చేస్తే వాళ్లే మీ మీద పరువు నష్టం వేస్తామంటే

ఇది ఇప్పుడు మామూలైపోయింది. వివక్ష అని ఫిర్యాదు చేయగానే "మా మేనేజర్ పరువు తీశావు" అని లాయర్ నోటీసు. చూడగానే కాళ్లు వణుకుతాయి. సీఆర్‌డీకి, ఈఈఓసీకి, కోర్టుకి మీరు రాసిచ్చిన మాటల మీద పరువు నష్టం దావా నిలవదు, సివిల్ కోడ్ 47 వాటికి రక్షణ ఇచ్చింది. 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 47.1 ఇంకాస్త ముందుకెళ్లింది: తగిన ఆధారంతో, దురుద్దేశం లేకుండా వేధింపు గురించో వివక్ష గురించో చెప్పినవాళ్ల మీద దావా వేసి ఓడితే, వేసినవాడే లాయర్ ఫీజు కట్టాలి. ఈ రక్షణ తెలిసీ తెలియనివాడి చేతిలో లింక్డ్‌ఇన్ పోస్టవుతుంది, మేనేజర్ ఫొటోతో సహా. పోర్టల్‌లో రాసినదానికున్న గట్టి రక్షణ ఆ పోస్టుకు ఉండదు. అందులో కోపంలో కలిపిన ఒక్క అబద్ధపు వాక్యం చాలు, మీ కేసులో అవతలివాళ్లకు పట్టు దొరకడానికి.

నోటీసు వచ్చిందా, జవాబివ్వకండి, చించెయ్యకండి. కవరుతో సహా దాచి, అందిన తేదీ కవరు మీదే పెన్నుతో రాసి, మీ లాయర్‌కి ఆ సాయంత్రమే పంపండి. అది ఉత్తరం కాదు, కోర్టు సమన్లు అయితే, జవాబు దాఖలు చేయడానికి మీకున్నది 30 రోజులే.